గడువు పెట్టినోడి కథ: దేగ్రాంజ్ నుంచి మన దావల దాకా

మద్దికెర, ఆస్పరి, ఆదోని పక్క సైకిల్ అంటే ఇన్నాళ్లూ బడికి పోయేదానికి, పాలక్యాను కట్టుకోని పోయేదానికే. ఇప్పుడు దూరం తొక్కే సరదా మన పిల్లోళ్లకు గూడ పట్టుకుంటాంది. హైదరాబాదులో, విశాఖలో జరిగే బ్రెవేల వీడియోలు ఫోన్లో చూసి, అన్నా మనమూ పోదామా అని అడిగేటోళ్లు ఉన్నారు. అడిగినాక రెండో మాట మాత్రం భయంతో వస్తాది. టైం దాటితే నడుమలోనే తీసేస్తారంట గదా అని.

అవును, గడువు ఉంటాది. 200 కిలోమీటర్ల బ్రెవేకు 13 గంటల 30 నిమిషాలు. 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. నడుమ నడుమ చెక్‌పోస్టులు ఉంటాయి, వాళ్లు కంట్రోల్ అంటారు. ఒక్కోదానికి తెరిచే టైము, మూసే టైము రాసుంటాయి. నీ చేతిలో ఒక కార్డు ఉంటాది, దాని మీద ముద్ర పడల్ల. ముందే పోయినా ముద్ర పడదు, ఆలస్యంగా పోయినా పడదు.

ఈ లెక్కలు ఎవడు పెట్టినాడు, ఎందుకు పెట్టినాడు, మళ్లీ ఎందుకు మార్చినారు అని ఎనక్కి పోతే ఒక మనిషి దగ్గర ఆగుతాం. ఆ మనిషి పేరు ఆన్రీ దేగ్రాంజ్. ప్రపంచానికి టూర్ ద ఫ్రాన్స్ పందెం పెట్టినోడుగా తెలుసు. నాకు మాత్రం ఆయన కథలో పందెం కంటే గడువు సంగతే ముఖ్యం అనిపిస్తాది. మన మాదిరి మామూలు మనుషులకు పనికొచ్చేది అదే.

దేగ్రాంజ్ 1865 జనవరి 31న పారిస్‌లో పుట్టినాడు. చదివి, ఒక వకీలు ఆఫీసులో గుమాస్తాగా చేరినాడు. సైకిల్ పిచ్చి పట్టింది. పిక్కలు కనపడేటట్ల నిక్కరు వేసుకోని సైకిల్ తొక్కుతాడని ఒక కక్షిదారుడు ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోయిందని చెప్తారు. మన ఊర్లలో గూడ ఈ పొద్దుకీ బనీను, నిక్కరు వేసుకోని తొక్కేవాన్ని చూసి నవ్వేవాళ్లు ఉన్నారు గదా. 130 ఏండ్ల కింద పారిస్ గూడ అంతే ఉండె.

ఉద్యోగం పోయినా సైకిల్ వదల్లేదు. 1893 మే 11న పారిస్‌లోని బఫెలో ట్రాకు మీద ఒక గంటలో 35 కిలోమీటర్ల 325 మీటర్లు తొక్కినాడు. ఒక గంటలో ఎంత దూరం అనే రికార్డు లెక్కలో మొట్టమొదట రాసింది ఆయన పేరే. చూడండి, ఆ మనిషి బతుకు మొదలైందే గడియారంతో. చేతిలో గడియారం పట్టుకోని మనిషిని కొలిచే అలవాటు ఆయన్ను సచ్చేదాకా వదల్లేదు.

పత్రికలోకి వచ్చిన కథ ఇంకోటి. అప్పట్లో ఫ్రాన్స్ అంతా డ్రేఫస్ అనే సైనికాధికారి కేసు మీద రెండుగా చీలిపోయి ఉండె. పెద్ద క్రీడల పత్రిక లె వెలో. దాని సంపాదకుడు పియేర్ జిఫార్ డ్రేఫస్ పక్క నిలబడినాడు. ఆ పత్రికకు ప్రకటనలిచ్చే కార్ల, సైకిళ్ల కంపెనీల పెద్దలు కొందరు ఎదురు పక్క. వాళ్లు అలిగి 1900లో వేరే పత్రిక పెట్టి, దేగ్రాంజ్‌ను సంపాదకుడిగా కూర్చోబెట్టినారు. పేరు కలుస్తాందని కోర్టుకు పోతే, 1903 జనవరిలో ఆ పత్రిక పేరు లోటోగా మారింది. ఈ జిఫార్‌ను గుర్తుపెట్టుకోండి. పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా పోయి మళ్లీ పారిస్‌కు వచ్చే 1200 కిలోమీటర్ల పందెం 1891లో మొదలుపెట్టింది ఆయనే. ఈ పొద్దు దూరం తొక్కేవాళ్లకు అది కాశీయాత్ర మాదిరి.

కొత్త పత్రిక అమ్ముడుపోలేదు. 1902 నవంబరులో లెఫెవ్ర్ అనే కుర్ర విలేకరి ఒక ఆలోచన చెప్పినాడు: దేశం చుట్టూ సైకిల్ పందెం పెడదామని. దేగ్రాంజ్ జంకినాడు గానీ, పత్రిక లెక్కలు చూసే విక్టర్ గొదే సరే అన్నాడు. 1903 జూలై 1న పందెం మొదలైంది. ఆరు అంచెలు, దాదాపు 2,428 కిలోమీటర్లు. 60 మంది బయలుదేరితే చివరిదాకా వచ్చింది 21 మంది. గెలిచింది మోరీస్ గారాన్, చిన్నప్పుడు పొగగొట్టాలు శుభ్రం చేసే పని చేసినోడు. పేదోడి కాళ్లకు విలువ కట్టిన పందెం అది. పత్రిక గూడ నిలబడింది.

ఆ పందెంలో ఒక్కో అంచె 300, 400 కిలోమీటర్లు ఉండె. రాత్రంతా తొక్కల్ల. చీకట్లో ఎవడు ఏం చేస్తాండాడో ఎట్ల తెలుస్తాది? అందుకని దావలో కంట్రోళ్లు పెట్టినారు. కొన్ని అందరికీ తెలిసినవి, కొన్ని దొంగచాటువి, యాడ ఉంటాయో ముందుగా చెప్పరు. పందెగాడు ఆగి సంతకం చేసి పోవల్ల. మన కార్డు మీద పడే ముద్ర అప్పటి ఆ సంతకానికి చుట్టమే. కంట్రోల్ అనేది మొదట మోసాన్ని పట్టుకునేదానికి పుట్టింది. మనిషిని తోలేసేదానికి కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

అయినా మోసం ఆగలేదు. 1904లో రెండో పందెం రణరంగం అయింది. దావలో మేకులు చల్లినారు. తమ ఊరి పిల్లోడు గెలవల్లని చీకట్లో గుంపులు వచ్చి వేరేవాళ్లను కొట్టినారు. కొందరు రైలెక్కి పోయినారని ఆరోపణలు. చివరికి మొదటి నలుగుర్నీ కొట్టేసి, అయిదో వాన్ని, 20 ఏండ్లు గూడ నిండని కోర్నేను, గెలిచినట్ల ప్రకటించినారు. ఇంతటితో ఈ పందెం సచ్చిపోయింది అనుకున్నాడు దేగ్రాంజ్. ఆ మాట పత్రికలో రాసినాడు గూడ.

సచ్చిపోలేదు. ఏం చేసినాడు? రూలు మార్చినాడు. 1905లో అంచెలు చిన్నవి చేసి రాత్రి తొక్కుడు తగ్గించినాడు. టైం లెక్క తీసేసి, ఎవరు ఎన్నోవాడుగా వచ్చినాడో చూసి పాయింట్లు వేసినాడు. గడియారంతో పేరు తెచ్చుకున్న మనిషే గడియారాన్ని పక్కన పెట్టినాడు. పాయింట్ల లెక్క 1912 దాకా నడిచింది. ఆ లెక్కలోనూ లొసుగులు ఉండాయి. ఒక జట్టోళ్లు కూడబలుక్కుంటే పాయింట్లు వాళ్ల చేతిలోకే పోతాయి. దాంతో 1913లో మళ్లీ టైం లెక్క తెచ్చినాడు. రూలు రాతి మీద చెక్కింది కాదని ఆయనకు తెలుసు.

అదే 1913లో జరిగిన సంగతి మన కమ్మరి వీధుల్లో చెప్పుకోవల్సింది. యూజీన్ క్రిస్తోఫ్ అనే మొనగాడు ముందు వరుసలో పోతాండాడు. తూర్మలే కొండ దిగేటప్పుడు ముందు చక్రం పట్టుకునే ఫోర్కు విరిగిపోయింది. ఎవడి సాయమూ తీసుకోగూడదు అని రూలు. సైకిల్‌ను భుజాన వేసుకోని, ఏడ్చుకుంట పదికి పైగా కిలోమీటర్లు నడిచి సెంత్ మారీ ద కాంపాన్ అనే పల్లె చేరినాడు. అక్కడ కమ్మరి కొలిమిలో తన చేతుల్తో తానే ఇనుము కాల్చి, కొట్టి, అతికించుకున్నాడు. పందెం అధికారులు పక్కన నిలబడి చూస్తాండారు. రెండు చేతులూ పనిలో ఉంటే తిత్తి ఊదేదానికి చెయ్యి యాడిది? ఒక పిల్లోడు తిత్తి ఊదినాడు. అంతే, సాయం తీసుకున్నాడని పది నిమిషాలు జుర్మానా వేసినారు. తర్వాత దాన్ని మూడుకు తగ్గించినారు గానీ, అప్పటికే గంటల కొద్దీ టైం పోయింది, గెలుపు పోయింది.

ఆ రూలు మోసగాన్ని పట్టిందా? లేదు. చెమటోడ్చినోన్ని పట్టింది. మోసాన్ని ఆపేదానికి పుట్టిన రూలు కష్టపడేవాని మెడకు చుట్టుకుంటే ఎట్లుంటాదో దీన్ని మించిన ఉదాహరణ లేదు. దేగ్రాంజ్ అంత కఠినం మనిషి. చివరికి ఒక్కడే మిగిలే పందెమే సిసలైన పందెం అన్నట్ల ఉండె ఆయన తీరు. గేర్లు మార్చుకునే డిరైల్యూర్‌ను ఏండ్ల తరబడి రానీయలేదు, అది ముసలోళ్లకు అని ఆయన లెక్క. 1924లో ఇంకో గొడవ. మబ్బున చలికి రెండు బనీన్లు వేసుకోని బయలుదేరి, పొద్దెక్కినాక ఒకటి తీసేస్తే తప్పంట. ఏం వేసుకోని బయలుదేరినారో అన్నీ చివరిదాకా ఉండల్ల. ఆన్రీ పెలిసియే అనే ముందటేడు గెలిచిన మొనగాడు దీనికి మండిపడి, తమ్మునితో, ఇంకో జతగానితో కలిసి కుతాన్స్ ఊర్లో పందెం వదిలేసినాడు. వాళ్ల బాధను అల్బేర్ లోండ్ర్ అనే విలేకరి దేశానికంతా చెప్పినాడు.

ఇది ఆయనలో ఒక పక్క. ఇంకో పక్క మనకు కావల్సింది.

పందెం అందరికీ కాదని దేగ్రాంజ్‌కు తెలుసు. 1897లో ఇటలీలో పన్నెండు మంది మామూలు మనుషులు రోము నుంచి నేపుల్స్‌కు, 230 కిలోమీటర్లు, ఒక్క పగట్లో తొక్కినారు. వాళ్లను ఔడాక్స్ అన్నారు, తెగువ ఉన్నోళ్లు అని దాని అర్థం. దేగ్రాంజ్ ఆ పద్ధతిని 1904లో ఫ్రాన్స్‌కు తెచ్చినాడు. గెలుపు ఓటమి లేదు. అందరూ గుంపుగా, ముందు నడిపేవాడు చెప్పిన వేగంతో, ఒకే తీరుగా తొక్కల్ల. చివరిదాకా వస్తే కాగితం ఇస్తారు. ఆ కాగితం పేరే బ్రెవే. అదే ఏడు నవంబరు 30న ఔడాక్స్ క్లబ్ పారిసియన్ పుట్టింది. ఈ పొద్దు ప్రపంచమంతా బ్రెవేలకు నంబర్లు వేసి ఒప్పుకునేది ఆ క్లబ్బే.

చూడండి, ఒకే మనిషి, ఒకే కాలంలో, రెండు రకాల గడువులు పెట్టినాడు. పందెంలో గడువు వడపోసేదానికి. ఔడాక్స్‌లో గడువు అందర్నీ జతగా తీసుకపోయేదానికి.

కానీ గుంపు పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. నీకు బలం ఉన్నా ముందుకు పోగూడదు, కొండెక్కేటప్పుడు అలిసినా ఎనకబడగూడదు. 1921లో దేగ్రాంజ్‌కు, ఆ క్లబ్బుకు తగువు వచ్చింది. ఔడాక్స్ బ్రెవేలు జరిపే హక్కు క్లబ్బు నుంచి ఆయన తీసేసుకున్నాడు. క్లబ్బోళ్లు కూర్చోని ఏడ్వలేదు. అదే ఏడు తమ సొంత బ్రెవే పెట్టినారు. ఎవరి వేగం వాళ్లది. కావాలంటే గుంపులో పో, కావాలంటే ఒంటిగా పో. తిన్నప్పుడు తిను, నిద్దరొస్తే పడుకో. కంట్రోల్ తెరిచినాక, మూసేలోపల వస్తే చాలు. మన వాడుకలో ఉన్న పద్ధతి ఇదే. అంటే తెరిచే టైం, మూసే టైం అనేవి మనిషిని కట్టేసేదానికి రాలేదు. గుంపు నుంచి మనిషిని ఇడిపించేదానికి వచ్చినాయి.

మన వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఉగాదికి ముందు కర్ణాటక భక్తులు మన పక్క దావలు పట్టుకోని శ్రీశైలానికి నడుచుకుంట పోతారు గదా. పండగలోపల మల్లన్నను చేరల్ల, అది గడువు. ఎవడు ముందు, ఎవడు ఎనక అని అడిగేటోడు లేడు. ఎవరి నడక వాళ్లది. దావలో మజ్జిగ, అన్నం పెట్టే పందిళ్లు ఉంటాయి. బ్రెవే అంటే ఆ నడకే, సైకిల్ మీద. దసరాకు మన మద్దికెరలో జరిగే గుర్రాల పందెం వేరే. దాంట్లో ఎవరి గుర్రం ముందు వస్తే వాళ్లకు పేరు. రెండూ మనకు కావాల, కానీ రెండిటికీ ఒకే రూలు పెడితే చెడతాం.

ఇప్పటి లెక్క చెప్తా, రాసుకోండి. మూసే టైం మామూలుగా గంటకు 15 కిలోమీటర్ల లెక్క, 600 కిలోమీటర్ల దాకా. తెరిచే టైం మొదటి 200 కిలోమీటర్లకు గంటకు 34 లెక్క. పొద్దున 6 గంటలకు బయలుదేరితే 100 కిలోమీటర్ల కాడ ఉన్న కంట్రోల్ 8:56కు తెరుస్తారు, 12:40కు మూస్తారు. రాత్రి 7:30 లోపల 200 ముగించల్ల. ఆగిన టైం, తిన్న టైం అన్నీ దీంట్లోనే. గంటకు 15 అంటే మన పాలోళ్లు తొక్కే వేగం. గేర్ల సైకిలే కావాలని రూలు లేదు. లైట్లు, మెరిసే జాకెట్టు మాత్రం ఉండల్ల.

ఈ లెక్కలో గూడ ఒక తిక్క ఉండె. బయలుదేరే చోట కంట్రోల్ గంటసేపు తెరిచి ఉంటాది. ఆలస్యంగా వచ్చినోడు 6:50కి బయలుదేరచ్చు. కానీ 10 కిలోమీటర్ల కాడ కంట్రోల్ ఉంటే, గంటకు 15 లెక్కన అది 6:40కే మూసేయల్ల. వాడు బయలుదేరకముందే వాని కంట్రోల్ మూసినట్ల అయింది! దీన్ని తర్వాత సరిచేసినారు. మొదటి 60 కిలోమీటర్లకు గంటకు 20 లెక్క వేసి, పైన ఒక గంట కలుపుతారు. ఇప్పుడు 10 కిలోమీటర్ల కంట్రోల్ 7:30 దాకా ఉంటాది. 60 కిలోమీటర్ల కాడికి వచ్చేసరికి రెండు లెక్కలూ నాలుగు గంటల దగ్గర కలుస్తాయి. చిన్న మార్పే. కానీ మొదట్లోనే పంచరు పడినోడు, మొదటిసారి వచ్చి తడబడినోడు బతికిపోతాడు.

ఇంకో మంచి రూలు గూడ ఉంది. దావలో ప్రమాదం జరిగితే ఆగి సాయం చేసినా, దావ మూసేసినా, దాని వల్ల ఆలస్యమైతే నిర్వాహకులు ఆ ఆలస్యాన్ని మన్నించచ్చు. ఇది మనసున్న రూలు. కానీ సైకిల్ చెడిపోవడం, ఆకలి, అలసట మాత్రం సాకులు కావు. కొలిమి కాడ నిలబడిన క్రిస్తోఫ్ ఈ పొద్దు వచ్చినా ఈ రూలు కింద మన్నింపు దొరకదు.

నా అభిప్రాయం ఇక్కడే. చివరి గడువు కదలగూడదు. 13 గంటల 30 నిమిషాలు అంటే అంతే. అది లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. కానీ నడుమ గడువు రొంత వంగల్ల. 12:40కు మూసే కంట్రోల్‌కు ఒక పిల్లోడు పంచరు వేసుకోని 12:50కి వచ్చినాడు అనుకోండి. ఇంకా 100 కిలోమీటర్లకు 6 గంటల 40 నిమిషాలు ఉంది. గంటకు 15 తొక్కితే టైంకు ముగిస్తాడు. అట్లాంటోన్ని అక్కడే నిలిపేస్తే మనం ఏం కాపాడినట్ల? పైగా ఆ పది నిమిషాల భయంతో వాడు హైవే మీద లారీల నడుమ, తల వంచుకోని, నీళ్లు గూడ తాగకుండా తొక్కుతాడు. అది ప్రాణం మీదికి వచ్చే పని. పట్నంలో సైకిల్ అంగళ్లు అడుగడుగునా ఉంటాయి. మన పక్క పత్తికొండ దావలో ట్యూబు కావాలంటే ఇంకో ఊరికి పోవల్ల. ఒకే రూలు రెండు చోట్లా ఒకే బరువు వేయదు.

రేపు మన ఆదోనిలోనో, గుంతకల్లులోనో ఎవరన్నా దూరం సైకిల్ కార్యక్రమం పెడితే మూడు పనులు చేయమని అడుగుతా. మొదటి కంట్రోల్ టైం కాడ ఆ అదనపు గంట తప్పకుండా ఇయ్యల్ల. కంట్రోల్ అనేది నీళ్లు, నీడ, గాలిపంపు ఉన్న చోట పెట్టల్ల, ముద్ర వేసే బల్ల ఒక్కటే చాలదు. నడుమ ఆలస్యమైనోన్ని, మిగిలిన టైంలో చేరే తావుంటే, మళ్లీ దావ పట్టనీయల్ల. మోసం చేసేవాని కోసం దొంగచాటు కంట్రోల్ ఎట్లానూ ఉంది.

దేగ్రాంజ్ అంతటోడే చివర్లో దిగొచ్చినాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 50 దాటిన వయసులో మామూలు సైనికుడిగా చేరినాడు. 1919లో పత్రిక కాగితం రంగు పసుపైతే ముందున్నోనికి పసుపు బనీను వేయించినాడు. దాన్ని మొదట తొడుక్కున్నది ఎవరో తెలుసా? ఆ కొలిమి క్రిస్తోఫే. 1936లో ఆపరేషన్ చేయించుకోని, నొప్పితోనే కారులో పందెం ఎంట పోయి, రెండో రోజుకే ఆగిపోయినాడు. బాధ్యత విక్టర్ గొదే కొడుకు జాక్ గొదే చేతికి పోయింది. మరుసటేడు 1937లో గేర్లు మార్చే డిరైల్యూర్‌ను పందెంలోకి రానిచ్చినారు. 1940 ఆగస్టు 16న, దేశం జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, పందెమే జరగని ఏడులో ఆయన సచ్చిపోయినాడు. గాలిబియే కొండ మీద ఆయన గుర్తుగా రాతి స్తంభం ఉంది.

ఆయన పెట్టిన రూళ్లలో ఎన్నో పోయినాయి. ఆయన్ను ఎదిరించి పుట్టిన పద్ధతి మాత్రం ప్రపంచమంతా పాకి, మన హైదరాబాదు దాకా వచ్చింది. నాలుగేండ్లకొకసారి జరిగే పారిస్ బ్రెస్ట్ పారిస్‌కు, 90 గంటల గడువు తెలిసి గూడ, మన దేశం నుంచి వందల మంది పోతాండారు. అందరూ ముగించలేకపోతాండారు, అయినా మళ్లీ పోతాండారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, గడువు చూసి భయపడద్దండి. ముందు మద్దికెర నుంచి గుంతకల్లుకు పోయిరండి. తర్వాత ఆదోని, తర్వాత ఎమ్మిగనూరు. ఎంతసేపు పట్టిందో, యాడ ఆగినారో కాగితం మీద రాసుకోండి. గంటకు 15 నిలిచిందంటే 200 మీదే. కార్డు చేతిలోకి తీసుకున్న రోజు, రూలు అన్యాయంగా ఉందనిపిస్తే నోరు తెరిచి అడగండి. వందేండ్ల కింద అడిగినోళ్లు ఉండబట్టే మనం ఇయ్యాల ఎవరి వేగంతో వాళ్లం తొక్కగలుగుతాండాం.